పంటు వచ్చేలోపు ఆపగలిగే ఆట ఏది?

గోదావరిలో మనుషుల్నీ బళ్లనీ దాటించే పంటు అవతల నరసాపురం రేవులో కదిలిందంటే ఇవతల సఖినేటిపల్లి రేవులో బైకులన్నీ స్టార్టవుతాయి. అప్పటిదాకా బండికి స్టాండు వేసి ఫోనులో తల దూర్చిన కుర్రాళ్లు ఆ నిమిషంలో ఏం చేస్తారో చూడండి. కొందరు ఠక్కున ఫోను జేబులో పెట్టి బండెక్కుతారు. కొందరు ఒక చేత్తో హ్యాండిలు, రెండో చేత్తో ఫోను పట్టుకుని "ఒక్క నిమిషం, అయిపోయింది" అంటూ వెనకవాళ్ల చేత హారన్లు కొట్టించుకుంటారు. పెద్దలు దీన్ని కుర్రాళ్ల క్రమశిక్షణ కింద జమకడతారు. నిజానికి ఎవరి ఫోనులో ఏ ఆట నడుస్తోందన్న దాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఈ సమీక్షలో ఆటల్ని కొలిచిన గిద్ద అదే. బొమ్మలు ఎంత బాగున్నాయి, పాటలు ఎంత హుషారుగా ఉన్నాయి అన్నవి పక్కన పెట్టాం. మనిషికి పని పడినప్పుడు ఆట వదిలిపెడుతుందా, వదిలినందుకు శిక్ష వేస్తుందా, మళ్లీ వచ్చేసరికి ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుందా అన్న మూడు ప్రశ్నలే వేశాం. డెల్టాలో ఇవి చిన్న ప్రశ్నలు కావు. పంటు వస్తుంది, కరెంటు పోతుంది, చెరువు గట్టు మీద సిగ్నలు ఒక గీతకి పడిపోతుంది. ఫోను కూడా 4 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ఆండ్రాయిడ్ అనుకునే రాశాం, ఎందుకంటే మన చేతుల్లో ఎక్కువగా ఉన్నవి అవే.

ముందుగా క్యాండీ క్రష్ సాగా. 2012లో కింగ్ కంపెనీ తెచ్చింది. పుష్కరం దాటినా ఇంకా ఫోన్లలోంచి పోలేదు. పోకపోవడానికి కారణం ఉంది. ఒక లెవెల్ రెండు మూడు నిమిషాల్లో తేలిపోతుంది, ఒక బొటనవేలు చాలు, నెట్ లేకపోయినా నడుస్తుంది. ఎత్తుకీ ఎత్తుకీ మధ్య ఎంతసేపు ఆగినా ఆట మనకోసం కూర్చుని ఉంటుంది. టికెట్ తీసుకోవాలన్నా, పక్కావిడ అడిగిన దానికి జవాబు చెప్పాలన్నా ఇబ్బంది లేదు. పంటు పరీక్షలో సులువుగా గట్టెక్కే ఆట ఇది.

చిరాకంతా ఆట చుట్టూ కట్టిన దడిలో ఉంది. జీవాలు, అంటే లైఫులు, 5 ఇస్తారు. ఓడిన ప్రతిసారీ ఒకటి పోతుంది, ఒక్కోటి తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది. ఐదూ పోతే మళ్లీ నిండడానికి రెండున్నర గంటలు. రావులపాలెంలో అమలాపురం బస్సెక్కిన మనిషికి తీరిక ఉన్నది ఇప్పుడు. ఇప్పుడేమో ఆడనివ్వరు. ఇల్లు చేరి పొయ్యి వెలిగించాక "జీవాలు నిండాయి, రండి" అని ఫోను మోగిస్తారు. ఖాళీగా ఉన్నప్పుడు తలుపు వేసి, పనిలో ఉన్నప్పుడు తలుపు కొట్టే చుట్టం ఎంత విసిగిస్తాడో ఈ పద్ధతీ అంతే విసిగిస్తుంది. దీనికి మందు సులువే. ఆట బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుని యాప్ సమాచారంలోకి వెళ్లి నోటిఫికేషన్లు పూర్తిగా ఆపేయండి. ఆటకి ఏ నష్టమూ లేదు.

ఓడిపోయే ముందు వచ్చే తెరని మాత్రం దగ్గరగా చూడాలి. ఇంకో రెండు గడులు మిగిలి ఉండగా ఎత్తులు అయిపోతాయి. ఇంకో 5 ఎత్తులు ఇస్తామనే బటన్ పెద్దదిగా, నిగనిగలాడుతూ, బొటనవేలు సహజంగా ఆనే చోటే ఉంటుంది. వద్దనుకునే గుర్తు పైమూలన చిన్నది. ధర రూపాయల్లో కనిపించదు, బంగారు కడ్డీల్లో ఉంటుంది. కడ్డీల్ని కట్టగా కొనాలి. కొన్నది వాడాక నాలుగైదు మిగులుతాయి, అవి ఇంకోసారికి చాలవు. మిగిలినవి వృథా పోకూడదని ఇంకో కట్ట కొంటారు. సంతలో ఎవరైనా రూపాయి నోట్లు తీసుకుని తమ సొంత బిళ్లలు చేతిలో పెట్టి, వాటితోనే కూరగాయలు కొనాలంటే ఊరు ఊరంతా తిరగబడుతుంది. ఫోనులో అదే జరుగుతుంటే పట్టించుకోవడం లేదు. ఆ తెర రాగానే ఫోను పక్కన పెట్టి పది అంకెలు లెక్కపెట్టండి. ఆ బటన్ పనిచేసేది మొదటి మూడు సెకన్ల ఆవేశం మీదే.

సంక్రాంతికి అందరూ చేరిన ఇంట్లో ఫోను మధ్యలో పెట్టుకుని నలుగురు ఆడేది లూడో కింగ్. 2016లో వచ్చింది, 2020 లాక్‌డౌన్‌లో ఇంటింటికీ చేరింది. నెట్ లేకుండా ఒకే ఫోను చేతులు మార్చుకుంటూ ఆడే సదుపాయం దానిలో ఉన్న అసలు మేలు. కానీ పాచిక మోసం చేస్తోందని, కావాలనే 6 పడనివ్వడం లేదని ప్రతి ఇంట్లో ఒకరైనా అంటారు. ఆ అనుమానానికి మోసం అవసరం లేదు, లెక్క చాలు. 6 పడితేగాని కాయ బయటికి రాదు. నిజాయతీగా ఉన్న పాచికతో వరసగా 10 సార్లు 6 పడకపోయే అవకాశం నూటికి 16. అంటే నలుగురు ఆడే ఆటల్లో సగం సార్లు ఎవరో ఒకరు మొదటి పది వంతులూ ఏమీ చెయ్యకుండా కూర్చుంటారు. ఏమీ చెయ్యలేని మనిషికి అనుమానం రాక ఏం వస్తుంది? పాచిక తప్పు కాదది, నియమం తప్పు.

మన అష్టాచెమ్మా దీన్ని ఎలా సర్దుకుందో చూస్తే ముచ్చటేస్తుంది. సుద్దముక్కతో గీసిన 25 గడులు, 4 గవ్వలు. గవ్వలు దొరక్కపోతే ఒకపక్క అరగదీసిన చింతపిక్కలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, 8. ఈ రెండిట్లో ఏది పడినా ఇంకో పందెం వేసుకోవచ్చు. ఎదుటి కాయని ఒక్కటైనా కొడితేగాని లోపలి గడుల్లోకి దారి లేదు. ఇంటింటికీ నియమాలు కొద్దిగా మారినా ఈ కొట్టే నియమం మాత్రం చాలాచోట్ల ఉంది. దానివల్ల ఎవరూ తన కాయని సురక్షితంగా దాచుకుని చివరిదాకా నడిపించలేరు. వెనకబడ్డవాడి కాయ కూడా ముందున్నవాడికి అవసరమే, దాన్ని కొట్టాలి కాబట్టి. ఆట మొదట్లోనే అందరికీ ఏదో ఒక పని ఉంటుంది. ఇంకో సంగతి, భోజనాలకి పిలిస్తే గవ్వలు కాయల పక్కనే వదిలేసి లేవొచ్చు. పిల్లాడు కాలితో తన్నితే తప్ప ఆట ఎక్కడికీ పోదు.

లూడో కింగ్‌లో త్వరగా ముగిసే పద్ధతి కూడా ఉంది. పిల్లలు ఉన్నప్పుడు అదే ఎంచుకోవడం మంచిది. మామూలు ఆట నలుగురితో అరగంట దాటుతుంది. చివరి కాయ పండాలంటే సరిగ్గా ఆ అంకే పడాలి కాబట్టి, ఇంకో 2 కోసం పది నిమిషాలు ఎదురుచూసే చివరి భాగం అందరికీ నీరసమే.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. ఉండి, ఆకివీడు, మొగల్తూరు వైపు రాత్రి చెరువుల దగ్గర కాపలా ఉండే కుర్రాళ్ల ఫోనుల్లో ఎక్కువగా కనిపించేది బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే తుపాకుల ఆట. 2021 జులైలో వచ్చింది, 2022 జులైలో స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో తిరిగొచ్చింది. తుపాకీ బరువు, అడుగుల చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో చెవికి తెలియడం, నలుగురు కలిసి ఒక ఇంటిని చుట్టుముట్టడం, ఇవన్నీ చాలా శ్రద్ధగా చేశారు. ఆట పరంగా దానికి వంక పెట్టడం కష్టం.

వంక సమయం దగ్గర ఉంది. ఎరంగెల్ మ్యాప్‌లో 100 మంది దిగుతారు, చివరిదాకా నిలిస్తే అరగంట పడుతుంది. మధ్యలో ఆపే బటన్ లేదు. నలుగురి జట్టులో ఒకరు వెళ్లిపోతే మిగతా ముగ్గురూ దెబ్బతింటారు, వెళ్లినవాడికి ర్యాంకు పాయింట్లు పోతాయి, నడతకి ఇచ్చే మెరిట్ స్కోరు తగ్గుతుంది. ఇదంతా ఆటని మధ్యలో చెడగొట్టేవాళ్లని ఆపడానికి పెట్టిందే, ఆ కారణం న్యాయమైనదే. కానీ వనామీ రొయ్యల చెరువు దగ్గర కరెంటు పోతే నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఆగుతాయి. రాత్రంతా నీటిలోని నాచు ఆక్సిజన్ తీసుకుంటుందే తప్ప ఇవ్వదు కాబట్టి, తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటి ఉంటుంది. ఆ వేళకి జనరేటర్ వెంటనే వెయ్యకపోతే రొయ్య పైకి తేలుతుంది. ఆ ఐదు నిమిషాలకి ఒక పంట విలువ. "ఈ సర్కిల్ అయ్యాక లేస్తా" అని మనసులో అనిపించేలా తయారుచేసిన ఆట కాపలా రాత్రికి పనికిరాదు. ఆడేవాడి మనసు ఎంత గట్టిదైనా పనికిరాదు.

ఆ ఆటే కావాలనుకుంటే లివిక్ మ్యాప్ చూడండి. 52 మందే, పావుగంటలో తేలుతుంది. ఇంకా నయం టీమ్ డెత్‌మ్యాచ్. వేర్‌హౌస్‌లో నలుగురికి నలుగురు, ఏ జట్టు ముందు 40 చంపితే ఆ జట్టుది గెలుపు, ఎంత లాగినా 10 నిమిషాలు దాటదు. చనిపోయినా వెంటనే తిరిగి వస్తారు కాబట్టి మనం రెండు నిమిషాలు లేచి వెళ్లినా జట్టు కూలిపోదు.

కాల్స్ సంగతి కూడా చూసుకోవాలి. ఆటకి అడ్డొస్తున్నాయని చాలామంది డూ నాట్ డిస్టర్బ్ పెట్టేసి ఊరుకుంటారు. చెరువు రైతు ఫోను చేస్తే మోగదు. ఆ సెట్టింగ్ లోపలికి వెళ్లి కాల్స్ దగ్గర నక్షత్రం గుర్తు పెట్టిన నంబర్లకి అనుమతి ఇవ్వండి. దాని కిందే మళ్లీ మళ్లీ చేసేవాళ్లు అనే ఎంపిక ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఒకే మనిషి 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగుతుంది. రెండూ పెట్టుకోవాలి.

బటన్ల గురించి కూడా చెప్పాలి. మన దగ్గర చెమట ఎక్కువ, గాలిలో తేమ ఎక్కువ. తడి బొటనవేలు అద్దం మీద జారినప్పుడు తెర దాన్ని రెండు స్పర్శలుగా లెక్కేసుకుంటుంది. గురి పక్కకి పోతుంది, లేదా తూటా పేలాల్సిన చోట మనిషి గెంతుతాడు. బీజీఎంఐ ఇక్కడ మెచ్చుకోదగ్గ పని చేసింది. కంట్రోల్స్ లోపల ప్రతి బటన్ సైజునీ, జాగానీ, ఎంత పలచగా కనిపించాలో కూడా మార్చుకోవచ్చు. చేతికి చెమట పట్టేవాళ్లు కాల్చే బటన్‌ని కొంచెం పెంచి, గెంతే బటన్ నుంచి వేలెడు దూరం జరపాలి. రెండూ తాకుతూ ఉండటమే సగం తప్పులకి కారణం. చాలా చిన్న ఆటల్లో ఈ మార్చుకునే సదుపాయమే ఉండదు. తయారుచేసినవాడి చేతికి సరిపోయిందే అందరి చేతికీ సరిపోవాలి.

2023లో బీజీఎంఐ తిరిగొచ్చినప్పుడు 18 ఏళ్ల లోపువాళ్లకి రోజుకి 3 గంటలు, మిగతావాళ్లకి 6 గంటలు అని హద్దు పెట్టారు. అమ్మానాన్నల ఫోను నంబరుతో ఖాతా తెరిస్తే ఆ హద్దు ఏమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్రకటనల బాధ వేరే రకం. సబ్‌వే సర్ఫర్స్, హిల్ క్లైంబ్ రేసింగ్, రెండూ 2012 నాటివే, రెండూ నెట్ లేకుండా నడుస్తాయి, రెండూ ఒక నిమిషంలో మొదలై ఒక నిమిషంలో ముగుస్తాయి. పంటు పరీక్షకి ఇంతకంటే తగిన ఆటలు లేవు. హిల్ క్లైంబ్‌లో రెండే పెడళ్లు, గ్యాసు, బ్రేకు. గుట్ట ఎక్కేటప్పుడు గ్యాసు వదలకపోతే బండి వెనక్కి పల్టీ కొట్టి డ్రైవరు తల నేలకి తగులుతుంది. తప్పు ఎవరిదో వెంటనే తెలుస్తుంది. అందుకే ఓడినా కోపం రాదు, ఇంకోసారి చూద్దాం అనిపిస్తుంది. చిన్న ఆటలో ఇంతకంటే కావాల్సింది లేదు.

ఇలాంటి ఉచిత ఆటల్లో కోపం ఓడిపోయాక వచ్చే ప్రకటన మీద. అది మూసే గుర్తు ఎంత చిన్నదో కొలిచి చూడండి. వేలితో నొక్కే ఏ బటన్ అయినా కనీసం 48 డీపీ (తెర మీద సైజుల్ని కొలిచే ప్రమాణం), అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ సూచన. బియ్యపు గింజ పొడవు కంటే కొంచెం ఎక్కువ. ప్రకటనల్లో మూసే గుర్తు తరచూ అందులో సగం ఉండదు. పైగా లేత రంగు మీద తెల్లగా గీస్తారు. గురి ఒక్క వెంట్రుకవాసి తప్పినా ప్లే స్టోర్ తెరుచుకుంటుంది. సరిగ్గా నొక్కినా ఇంకో తెర వచ్చి, అక్కడ గుర్తు ఎదుటి మూలకి మారుతుంది. దీని పేరు పొరపాటు కాదు, పొరపాటున నొక్కే ప్రతి వేలికీ ఎవరికో డబ్బు వస్తుంది.

నెట్ అక్కర్లేని ఆటలకి మొబైల్ డేటా ఆపేసి ఆడితే చాలావరకు ఈ గొడవ పోతుంది. విమానం గుర్తు నొక్కొద్దు, కాల్స్ కూడా పోతాయి. డేటా ఒక్కటీ ఆపితే చాలు, రోజువారీ ప్యాక్‌లో నాలుగు ఎంబీలు మిగులుతాయి కూడా. సబ్‌వే సర్ఫర్స్‌లో ఇంకో ఉచ్చు ఉంది. రైలుకి గుద్దుకున్నాక తాళంచెవితో బతకొచ్చు. మొదటిసారి 1, తర్వాత 2, తర్వాత 4, 8, 16. ఒకే పరుగులో ఐదుసార్లు లేచేసరికి 31 తాళంచెవులు. ఒకసారి లేవడం న్యాయం, రెండోసారి సరదా, మూడోది వద్దు.

క్రికెట్ ఆటలకి ఒక్క మాట చాలు. బంతికీ బంతికీ మధ్య బౌలర్ వెనక్కి నడవడం, కీపర్ చప్పట్లు, రీప్లే. ఇవి 8 సెకన్లు తిన్నాయనుకోండి, 5 ఓవర్ల మ్యాచ్‌లో రెండు ఇన్నింగ్స్ కలిపి 60 బంతులకి 8 నిమిషాలు బ్యాటు కదపకుండానే పోతాయి. ఒక్క నొక్కుతో ఇవన్నీ దాటనిచ్చే ఆటే పెట్టుకోండి. 2006 నాటి ఈఏ క్రికెట్ 07కి ఇంకా కొత్త జట్లు అతికించుకుని ఆడేవాళ్లున్నారంటే, బంతి త్వరగా చేతికొస్తుందన్నది కూడా ఒక కారణం.

కంప్యూటర్ దగ్గరికొస్తే, భీమవరంలో, అమలాపురంలో ఇంటర్నెట్ సెంటర్లు గంట లెక్కన నడిచిన రోజుల్లో ప్రతి సిస్టంలోనూ ఉన్న ఆట ప్రాజెక్ట్ ఐజీఐ. 2000 డిసెంబరు, నార్వే కంపెనీ ఇన్నర్‌లూప్ తయారీ. 14 మిషన్లు. ఒక మిషన్ మొదలుపెడితే మధ్యలో సేవ్ లేదు. కంచె దాటి, కెమెరా ఆపి, ఇరవై నిమిషాలు చప్పుడు చెయ్యకుండా పాకి, ఆఖరి గది తలుపు దగ్గర వెనకనుంచి తూటా తగిలితే మళ్లీ మొదటి కంచె. దీన్ని కష్టం అని పొగిడేవాళ్లున్నారు. కష్టం ఆ ఆఖరి గదిలో ఉంది. ముందున్న ఇరవై నిమిషాలూ చేతికి వచ్చేసిన పనే, దాన్ని మళ్లీ చేయించడంలో నేర్చుకునేది ఏమీ లేదు. గంట అయిపోయిందని సెంటర్‌వాడు తెర ఆర్పేస్తే మిషన్ మొత్తం పోయినట్టే. 2003లో వచ్చిన రెండో భాగంలో మిషన్‌కి ఇన్నిసార్లని లెక్కపెట్టి సేవ్ ఇచ్చారు. సరైన మధ్యేమార్గం అదే. ఎక్కడ వాడుకోవాలో ఆలోచించడం కూడా ఆటలో భాగమైంది.

జీటీఏ వైస్ సిటీలో బొమ్మ హెలికాప్టర్‌తో కడుతున్న భవనంలో 4 బాంబులు పెట్టే మిషన్ దగ్గర ఆట వదిలేసినవాళ్లు ఎంతమందో. అక్కడ తప్పు కష్టంలో లేదు, చెప్పకపోవడంలో ఉంది. మొదటి బాంబు తీసుకున్నాకే గడియారం మొదలవుతుంది. ఆ సంగతి ఆట ఎక్కడా గట్టిగా చెప్పదు. కాబట్టి ముందు బాంబు ముట్టుకోకుండా ఖాళీ హెలికాప్టర్‌తో లోపలంతా తిరిగి, మెట్లు ఎక్కడున్నాయో చూసుకుని, అడ్డొచ్చే పనివాళ్లని, కాపలావాళ్లని రెక్కలతో తప్పించి, అప్పుడు మొదలుపెట్టండి. సగానికి సగం సులువవుతుంది. నడిపే మీటలు కీబోర్డు కుడిపక్క నంబర్ ప్యాడ్‌లో ఉంటాయి. చిన్న ల్యాప్‌టాప్‌లకి ఆ భాగమే ఉండదు, కాబట్టి ముందే ఆప్షన్లలోకి వెళ్లి వేరే మీటలకి మార్చుకోవాలి. అదే వరసలో 2013లో వచ్చిన జీటీఏ 5 మిషన్‌ని ముక్కలుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒక ముక్కలో మూడుసార్లు ఓడితే దాన్ని దాటిపోనిస్తుంది కూడా. దాటకుండా పంతం పట్టేవాళ్లు పట్టొచ్చు, ఎవరూ వద్దనరు.

కరెంటు పోయే ఊళ్లో సేవ్ ఎలా చేస్తున్నారన్నది ఇంకా లోతైన విషయం. పాత ఫైలు మీదే కొత్తది రాస్తుండగా కరెంటు పోతే పాతదీ పోతుంది, కొత్తదీ పూర్తవదు. పద్ధతిగా రాసిన ఆట ముందు పక్కన కొత్త ఫైలు రాసి, అది పూర్తయ్యాకే పాతదాని స్థానంలో పెడుతుంది. అప్పుడు పోతే చివరి పది నిమిషాలే పోతాయి, నెల రోజుల ఆట పోదు. యూపీఎస్ లేనివాళ్లు సేవ్ అవుతున్న గుర్తు తిరుగుతుండగా స్విచ్ కట్టొద్దు, వేర్వేరు గళ్లలో రెండు సేవ్‌లు ఉంచుకోండి. ఫోనులో కూడా ఇదే కథ. వాట్సాప్ కాల్ వస్తే ఆండ్రాయిడ్ ఆటని వెనక్కి నెడుతుంది. నెట్టే ముందు ఆటకి కబురు పంపుతుంది. ఆ క్షణంలోనే ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టుకోవాలి. ర్యామ్ తక్కువైతే ఆ తర్వాత ఫోను ఆటని పూర్తిగా చంపేస్తుంది, ఇంకో కబురు రాదు. కాల్ అయ్యాక తిరిగొస్తే మళ్లీ మొదటి తెర నుంచి మొదలవుతోందంటే ఆ కబురుని పట్టించుకోని ఆట అన్నమాట. పెట్టుకున్న రోజే పరీక్షించొచ్చు. ఆట మధ్యలో ఉండగా కెమెరా తెరిచి ఒక వీడియో తీసి తిరిగి రండి. ఎక్కడ వదిలారో అక్కడే ఉంటే ఉంచుకోండి.

క్లాష్ ఆఫ్ క్లాన్స్ మీద పాత ఫిర్యాదు ఒకటి తీరింది. 2012 నుంచి సైన్యం తయారవడానికి ఎదురుచూడాల్సి వచ్చేది, 2025 మార్చిలో ఆ నిరీక్షణ తీసేశారు. బురుజుల్లాంటి కట్టడాలు పెంచడానికి రోజులకి రోజులు పట్టడం మాత్రం అలాగే ఉంది. దాడి మూడు నిమిషాలే కాబట్టి రేవులో ఆడుకోవడానికి బాగానే ఉంటుంది.

డబ్బు పెట్టి ఆడే రమ్మీ ఈ సమీక్షలో లేదు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే దాన్ని నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. కానీ లోపల ఏముందో తెలియకుండా డబ్బిచ్చి తెరిచే పెట్టెలు మామూలు ఆటల్లోనూ ఉన్నాయి. పెట్టెలో మంచి తుపాకీ తొడుగు వచ్చే అవకాశం నూటికి 1 అని రాసి ఉంటే, 100 పెట్టెలు తెరిస్తే తప్పక వస్తుందని పిల్లలు అనుకుంటారు. రాదు. 100 తెరిచినా నూటికి 37 మందికి ఒక్కటీ రాదు. ఈ లెక్క పిల్లాడికి నాణేలతో చూపించండి, నాలుగుసార్లు వరసగా బొరుసు పడటం ఎంత తరచుగా జరుగుతుందో వాడే చూస్తాడు. ఫోనులో ప్లే స్టోర్ సెట్టింగ్స్ తెరిచి, ఏది కొన్నా ప్రతిసారీ ధ్రువీకరణ అడిగేలా పెట్టండి. అరగంటకోసారి అని ఉన్న ఎంపిక వద్దు, పెట్టెలన్నీ ఆ అరగంటలోనే తెరుస్తారు.

ఆఖరుగా తెలుగు. తెలుగు ఉందని చెప్పుకునే ఆటల్లో కూడా చాలావాటిలో అక్షరాలు విరిగి కనిపిస్తాయి. "ప్రారంభించు" అని ఉండాల్సిన బటన్ మీద "ప్‌రారంభించు" అని ఉంటుంది. వత్తు కిందికి దిగదు, పొల్లు గాలిలో వేలాడుతుంది. అనువాదం చేసినవాడి తప్పు కాదిది. ఆటలు తయారుచేసే కొన్ని పరికరాలకి అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే తెలుసు, ఒకదాని కింద ఒకటి కూర్చడం తెలియదు. ఇంగ్లీషుకి అది సరిపోతుంది, మనకి సరిపోదు. పైగా ఇంగ్లీషు అక్షరాల కోసం కట్టిన బటన్లో వత్తుల కాళ్లు అంచు దగ్గర తెగిపోతాయి. దాంతో అమ్మమ్మ చదవలేక "ఇంగ్లీషులోనే పెట్టు" అంటుంది, తెలుగు ఎవరికీ అక్కర్లేదని కంపెనీ లెక్కేసుకుంటుంది. ఆటలో పేరు రాసుకునే చోట "కృష్ణ", "స్త్రీ", "ఐశ్వర్య" అని కొట్టి చూడండి. ఈ మూడూ సరిగ్గా పడితే మిగతావీ చాలావరకు పడతాయి. విరిగితే తెరని ఫొటో తీసి, పక్కన కాగితం మీద సరిగ్గా రాసినది కూడా పెట్టి, ప్లే స్టోర్‌లో ఆ ఆట కింద ఉన్న డెవలపర్ ఈమెయిల్‌కి పంపండి. అక్షరం ఎక్కడ విరిగిందో చూపిస్తే సరిచేసేవాళ్లకి పని సగం తగ్గుతుంది.